కట్టు వద్దన్న గాయం

మార్చి 4, మంగళవారం

ఈ రోజు అరిచాను. క్లినిక్‌లో, గార్డుల ముందు, ఖైదీల ముందు, నా గొంతు నాకే కొత్తగా వినపడేలా అరిచాను.

యోతాము అనే మనిషిని మళ్ళీ తీసుకొచ్చారు. నాలుగో సెల్. సైకిల్ దొంగతనం కేసు. ఎడమ చేతి మీద మళ్ళీ కోసుకున్నాడు, పాత గాయం పక్కనే. గార్డు మకినా గుమ్మంలో నిలబడే, సిస్టర్, మీ హీరో వచ్చాడు, ఆటోగ్రాఫ్ తీసుకోండి అన్నాడు. క్యూలో గొంతుక్కూర్చున్న వాళ్ళంతా నవ్వారు. యోతాము కూడా కొంచెం నవ్వాడు. 

వైసన్ కుట్లు వేశాడు. మత్తు ఇంజెక్షన్ ఇవ్వకుండా. సీసా బల్ల మీదే ఉంది. ఇవ్వవేం అన్నాను. దండగ జియోనే, నొప్పి కావాలనేగా చేసుకున్నాడు, తీసుకోనీ అన్నాడు. అప్పుడే అరిచాను. నువ్వు బట్టలు కుట్టే దర్జీవా, మనిషికి కుట్టేవాడివా అన్నాను. ఇంకా చాలా అన్నాను. మకినా గోడ వైపు తిరిగాడు.

ఈ జైలుకి మెంటల్ హెల్త్ అంటే మేమిద్దరమే. వైసన్ క్లినికల్ ఆఫీసర్, నేను సైకియాట్రిక్ నర్స్‌ని. మంగళవారం, శుక్రవారం జిల్లా ఆసుపత్రి నుంచి వస్తాం. వైసన్ చెడ్డవాడు కాదు, అదే నా బాధ. మా అమ్మాయికి లెక్కలు చెప్పాడు. మా ఆయన పోయినప్పుడు రాత్రంతా మా ఇంట్లో కూర్చున్నాడు. అలాంటివాడు ఇలా ఎలా అయ్యాడు?

తిరిగి వచ్చేటప్పుడు మినీబస్సులో వేరే వేరే సీట్లలో కూర్చున్నాం.

మార్చి 7, శుక్రవారం

డ్రామా. ఈ జైల్లో ఈ మాటకున్న గిరాకీ ఉప్పుకి కూడా లేదు. గార్డులు అదే అంటారు, వంటవాళ్ళు అదే అంటారు, వైసన్ కాస్త చదువుకున్నాడు కాబట్టి అటెన్షన్ సీకింగ్ అంటాడు.

నేనూ ఆ చదువే చదివాను. కిందటేడు సరస్సు పక్కన హోటల్లో మాకు సెమినార్ పెట్టారు. స్కోన్ కేకులు, టీ, స్లైడ్లు. తమను తాము గాయపరచుకునే ఖైదీలు రెండు రకాలట. ఒకటి నిజమైన రోగులు, రెండు మానిప్యులేటర్లు. మొదటి రకాన్ని ట్రీట్ చెయ్యాలి, రెండో రకాన్ని పట్టించుకోకూడదు, పట్టించుకుంటే అలవాటవుతుంది. అంతా బుద్ధిగా రాసుకున్నాం. ఆ చెప్పినాయన ఒక్క రాత్రయినా జైల్లో పడుకున్నాడా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, స్కోన్ తింటున్నాను.

జైలు ఇన్‌చార్జి నమలోంబా పిలిపించాడు. యోతాము మీద విచారణ పెడతాడట. కావాలని తన ఒంటిని గాయపరచుకోవడం జైలు నేరం. నేరమని తేలితే శిక్షలో తగ్గింపు పోతుంది. జూన్‌లో ఇంటికి వెళ్ళాల్సిన మనిషి ఇంకో ఏడాది ఉండాలి, అదే సెల్‌లో. ఇది రోగమా డ్రామానా అని నేను రాసివ్వాలి. సిస్టర్ గారూ, రోగమని రాయకండి, రాస్తే రేపటికి జైలంతా రోగులే అవుతారు, పైవాళ్ళకి ఆ సంఖ్య చెప్పుకోవడానికి నాకు సిగ్గేస్తుంది అన్నాడు నవ్వుతూ.

ఎందుకు కోసుకున్నాడో కనుక్కున్నారా సార్ అన్నాను. దేంతో కోసుకున్నాడో కనుక్కున్నాం అన్నాడు. గర్వంగా.

మార్చి 8

ఒక మనిషి తన చెయ్యి తనే కోసుకుంటే, ఆ చెయ్యి ప్రభుత్వ ఆస్తి అన్నట్టు కేసు పెడతారు.

మార్చి 11, మంగళవారం

యోతాముతో కూర్చున్నాను. మకినాని బయటికి పొమ్మన్నాను. వాడు తలుపు తెరిచే ఉంచి, చెవి మాత్రం లోపల పెట్టి నిలబడ్డాడు.

ఏమీ చెప్పడు. నిద్ర పడుతుందా నాయనా అంటే తల అడ్డంగా ఊపుతాడు. తింటున్నావా అంటే, అందరూ తినేదే అమ్మా, మొక్కజొన్న ఎన్‌సిమా ముద్ద, కందులు అంటాడు. ఇంటి దగ్గర ఎవరున్నారు అంటే అమ్మ అంటాడు. చావాలనిపిస్తుందా అని అడిగాను. అప్పుడు మాత్రం ఆశ్చర్యంగా నా మొహంలోకి చూశాడు. చావడమా, లేదమ్మా, నేను జూన్‌లో వెళ్ళిపోవాలి అన్నాడు.

గాయం శుభ్రం చేసి కట్టు కడుతుంటే చెయ్యి లాక్కున్నాడు. కట్టు వద్దమ్మా, కనపడనీ అన్నాడు. గుమ్మంలో మకినా కిసుక్కున నవ్వాడు. చూశారా సిస్టర్, పదిమందికీ చూపించుకోవాలట అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది. కట్టు కట్టే పంపాను.

వైసన్‌తో పోట్లాడి డిప్రెషన్ అని రాశాను. మాత్రలు రాశాను. క్లోజ్ అబ్జర్వేషన్ అని కూడా రాశాను. సాయంత్రం నాలుగింటికి తాళం పడ్డాక గార్డులు సెల్‌లోకి వెళ్ళరు. పొద్దున్న తలుపు తీసేదాకా అక్కడ ప్రభుత్వం అంటే న్యాపాలే. న్యాపాల కూడా ఖైదీయే, సెల్‌కి పెద్ద. ఎవరు ఎక్కడ పడుకోవాలో అతను చెబుతాడు, ఇరుకులో అందరూ ఒక పక్కకి తిరిగి పడుకుంటే, మళ్ళీ రెండో పక్కకి ఎప్పుడు తిరగాలో కూడా అతనే చెబుతాడు. అందుకే మేం ఇలాంటివాళ్ళని న్యాపాలకి అప్పగిస్తాం. ఈ దేశంలో ఏ జైలు నర్సయినా అదే రాస్తుంది. నేనూ రాశాను: ఇతన్ని న్యాపాల పక్కనే పడుకోబెట్టాలి, న్యాపాల కంట్లో ఒత్తులు వేసుకుని చూడాలి.

ఇన్‌చార్జి చదివి, ఇదిగో, ఇన్నాళ్ళకి పనికొచ్చే మాట రాశారు అన్నాడు. నాకు సంతోషమేసింది కూడా. రాస్తున్నాను, సంతోషమేసింది.

మార్చి 14, శుక్రవారం

నాలుగో సెల్ న్యాపాల సికెలో క్లినిక్‌కి వచ్చాడు. రోగమేమీ లేదు, థాంక్స్ చెప్పడానికి వచ్చాడట. ఉతికిన తెల్ల జైలు బట్టలు, కాళ్ళకి బూట్లు. ఖైదీకి బూట్లు ఎక్కడివి? అమ్మా, మీరు నామీద పెట్టిన నమ్మకం వమ్ము చెయ్యను, ఆ పిల్లాణ్ణి నా పక్కలోనే పెట్టుకుని చూసుకుంటా అన్నాడు. వంగి, ఒక చేత్తో ఇంకో మోచెయ్యి పట్టుకుని, ఎంతో మర్యాదగా అన్నాడు.

ఇరవై నాలుగేళ్ళవాడు పిల్లాడేమిటి అనుకున్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

మార్చి 18, మంగళవారం

మళ్ళీ. కట్టు విప్పేసి మరీ. ఈసారి ఇదివరకటికంటే లోతు.

  వైసన్ సూది తీసుకుని, నా మొహం చూసి, మత్తు సీసా కూడా తీసుకున్నాడు. అదొక్కటే ఈ రోజు మంచి.

ఇన్‌చార్జి అయితే గుమ్మం దాటి లోపలికే వచ్చాడు. ఏం సిస్టర్, మీ మాత్రలు, మీ అబ్జర్వేషన్, అన్నీ అయ్యాయిగా, ఇప్పటికైనా డ్రామా అని రాస్తారా అన్నాడు. నెలాఖరుకి విచారణట. అరికాలి మంట నెత్తికెక్కింది.  

యోతాము నా వైపు చూడలేదు. ఇంతకుముందు చూసేవాడు.

మార్చి 21, శుక్రవారం

మకినా సెలవు. వేరే గార్డు దూరంగా నీడలో కూర్చున్నాడు. తలుపు వేశాను.

నా మీద కోపమా అని అడిగాను.  మీరు రాశాకే కదమ్మా అన్నాడు. ఏం రాశాక? పక్కన పడుకోబెట్టమని రాశాక. ఇంతకుముందు నేను తలుపు దగ్గర పడుకునేవాణ్ణి, పిలిచినప్పుడే వెళ్ళాల్సి వచ్చేది అన్నాడు.

పిలిచినప్పుడే.

నాకు అర్థం కావడానికి పట్టినంత సేపూ అతను నేల చూస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత మెల్లిగా, ఎవరో పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పాడు. సికెలోకి రక్తమంటే భయం. జబ్బు అంటుకుంటుందని భయం. పచ్చి గాయం కనపడితే దగ్గరికి రాడు, ఛీ, అవతలికి పో, కుష్టు వెధవా అని తిడతాడు. ఆ తిట్టు వినపడిన రోజు నిద్ర పడుతుందట. గాయం ఎండుతుంటే మళ్ళీ పిలుస్తాడు. అందుకే ఎండనివ్వడు. అందుకే కట్టు వద్దన్నాడు. కట్టు కింద ఏముందో చీకట్లో కనపడదు కదమ్మా అన్నాడు.

ఇన్‌చార్జితో చెబుతాను అని లేచాను. చెయ్యి పట్టుకున్నాడు. చెప్పకండమ్మా, మగవాడితో మగవాడు అని నా మీదా కేసు రాస్తారు, జూన్ పోతుంది, మా అమ్మ ఊళ్ళో తలెత్తుకోలేదు, సికెలో అంతదాకా బతకనివ్వడు కూడా అన్నాడు. ఇందులో ఏ ఒక్క మాటనీ కాదని చెప్పలేకపోయాను.

చేతికి కట్టు కట్టలేదు. మందు రాసి, గాయం బయటికి కనపడేలా వదిలేశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన మొదటి సరైన వైద్యం బహుశా ఇదే. ఎంత సిగ్గుచేటు!

అదే రోజు, సాయంత్రం 6

తాళం పడిపోయి ఉంటుంది.

నేనే రాశాను. నా చేత్తో. సంతకంతో సహా. న్యాపాల పక్కనే పడుకోబెట్టాలి.

మార్చి 22

మా అమ్మాయి ఏమైందమ్మా అని అడిగింది. తలనొప్పి అన్నాను. 

అటెన్షన్ సీకింగ్! ఆ మాట కనిపెట్టిన మహానుభావుడు ఎవరో గాని, నా ముందుకి వస్తే చెప్పు తీసుకుని కొడతాను. అవును, చూడాలనే చేసుకున్నాడు. ఒకడు చూడాలి, చూసి అసహ్యపడాలి, పడి దూరంగా జరగాలి. ఒంటికి కంచె కట్టుకోవడానికి ఆ మనిషి దగ్గర ఒళ్ళు తప్ప ఇంకేమీ లేదు. మేమేమో గదిలో కూర్చుని డ్రామానా, డిప్రెషనా అని కొట్టుకు చస్తున్నాం. వైసన్ మాటా తప్పే, నా మాటా తప్పే. వైసన్ తప్పు కుట్లతో పోయింది. నా తప్పు అతన్ని తీసుకెళ్ళి ఆ పక్కలో పడుకోబెట్టింది.

మార్చి 25, మంగళవారం

ముందు మర్యాదగా ప్రయత్నించాను. సార్, యోతాముని సెల్ మార్చండి అన్నాను. ఎందుకు? వైద్య కారణం. ఏం కారణం? గాలి ఆడటం లేదు. ఇన్‌చార్జి పడి పడి నవ్వాడు. గాలా, సిస్టర్, ఇదేమైనా సరస్సు పక్కన హోటలా, ఒకణ్ణి మారిస్తే రేపు పొద్దున్న అందరూ చేతులు కోసుకుని నా గుమ్మం ముందు క్యూ కడతారు అన్నాడు. అందులోనూ సికెలో సెల్ జైల్లోకెల్లా క్రమశిక్షణ గల సెల్ అట. చప్పుడు కూడా రాదట.

చప్పుడు ఎందుకు వస్తుంది!

బయటికి వచ్చి పంపు దగ్గర మొహం కడుక్కున్నాను. అప్పుడు తట్టింది. ఈ జైల్లో నమలోంబా దేనికి భయపడతాడు? రక్తానికి కాదు. దగ్గుకి. రెండేళ్ళ కిందట గార్డు క్వార్టర్స్‌లో పిల్లలకి టీబీ సోకింది, వాళ్ళలో అతని మనవడు కూడా ఉన్నాడు. అప్పటినుంచి ఎవడు దగ్గినా వెంటనే టీబీ గదికి పంపాలి. న్యాపాల అయితే పదవే పోతుంది, నయమైనా మళ్ళీ ఇవ్వరు. ఇన్‌చార్జి సొంత రూలు. ఇంతవరకూ ఈ రూలుని తిట్టుకునేదాన్ని.

తిరిగి లోపలికెళ్ళాను. గాలి సంగతి ఎందుకన్నానంటే సార్, యోతాము దగ్గుతున్నాడు, బరువు తగ్గాడు, రాత్రిళ్ళు చెమటలు అన్నాను. ఆయన కుర్చీ వెనక్కి జరిగింది. ముందే చెప్పొద్దా అమ్మా అని కేకేశాడు. ఎన్‌సిమా వండే లోపల మనిషిని తీసుకెళ్ళి టీబీ గదిలో పెట్టారు. మకినా ముక్కుకి రుమాలు కట్టుకుని మరీ వెంట నడిచాడు.

నెలల తరబడి రక్తం కారితే కదలని జైలు, లేని దగ్గుకి పరుగెత్తింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అబద్ధం రాసినందుకు దేవుడు నన్నేమైనా అనదలుచుకుంటే, ముందు క్యూలో చాలామంది ఉన్నారు, వాళ్ళ సంగతి చూసి నా దగ్గరికి రమ్మనండి.

ఏప్రిల్ 1, మంగళవారం

విచారణ జరగలేదు. టీబీ మనిషిని విచారణ గదిలోకి రానివ్వడానికి బోర్డువాళ్ళు ఎవరూ ఒప్పుకోలేదు.

టీబీ గదికి కిటికీ ఉంది. ఇద్దరే ఉన్నారు. యోతాము కాళ్ళు చాచి పడుకున్నాడు, వెల్లకిలా. చెయ్యి చూపించాడు. పక్కు కడుతోంది. పక్కనున్న ముసలాయన, ఇతగాడు ఒక్కసారీ దగ్గడేమిటి, నన్ను చూసైనా నేర్చుకోకూడదా అన్నాడు. యోతాము నవ్వాడు. ఆ రోజు క్యూలో నవ్విన నవ్వు కాదు ఇది.

ఏప్రిల్ 8, మంగళవారం

ఫ్యాన్వెల్ అనే అతను. కొత్తగా వచ్చాడు, పెళ్ళయింది, చిన్న బిడ్డ ఉంది. ఎడమ చెయ్యి. నాలుగో సెల్.

మకినా, వచ్చాడమ్మా రెండో హీరో అన్నాడు. వైసన్ నిట్టూర్చి, ఇది అంటువ్యాధి జియోనే, ఒకణ్ణి చూసి ఒకడు, చెప్పానా లేదా అన్నాడు. నేను ఫ్యాన్వెల్ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఎందుకు కోసుకున్నావని అడగలేదు. సెల్‌లో ఎక్కడ పడుకుంటున్నావు నాయనా అని అడిగాను.

 అంతకుముందు తలుపు దగ్గర అమ్మా, పోయిన వారం నుంచి న్యాపాల పక్కన అన్నాడు.

కట్టు కట్టనా అని అడిగాను. వద్దన్నాడు.

నేను వైసన్ వైపు చూడలేదు. అతని చేతిలో కత్తెర ఆగిపోవడం మాత్రం తెలిసింది. తర్వాత మత్తు సీసా మూత తీసిన చప్పుడయింది. సూది గుచ్చేముందు, కొంచెం చురుక్కుమంటుంది తమ్ముడూ అన్నాడు. ఖైదీని వైసన్ తమ్ముడూ అనడం నేను ఎన్నడూ వినలేదు.

మినీబస్సులో పక్కన కూర్చుని, ఎన్నాళ్ళనుంచి తెలుసు నీకు అన్నాడు. చెప్పాను. అందరూ చూపించుకోవడానికే అనుకున్నాను అన్నాడు. అవును, చూపించుకోవడానికే అన్నాను. దిగేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నాకు జాలి వెయ్యలేదు. ఎంతమందికి మత్తు లేకుండా కుట్టాడో లెక్కపెట్టుకోనీ.

ఏప్రిల్ 10

రాత్రి పడుకుంటే ఫ్యాన్వెల్ బిడ్డ కళ్ళ ముందు మెదిలింది. ఆ బిడ్డను నేను చూడనైనా లేదు. ఒకణ్ణి బయటికి లాగి ఇంకొకణ్ణి అదే పక్కలోకి తోశాను. టీబీ గదిలో ఎంతమందిని దాస్తాను? పక్క ఖాళీగా ఉన్నంతకాలం ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు.

తప్పు మనిషికి దగ్గు పెట్టాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

యోతాము కఫం పరీక్ష వచ్చింది. టీబీ లేదు. మధ్యాహ్నానికి నాలుగో సెల్‌కి పంపాలన్నారు. గాయం మానిపోయింది కాబట్టి విచారణ ఎత్తేశారు. నా క్రమశిక్షణే పని చేసింది చూశారా సిస్టర్ అన్నాడు ఇన్‌చార్జి. చూశాను సార్ అన్నాను.

తర్వాత, ఇతనికి లేకపోయినా ఆ సెల్‌లో ఇంకెవరికైనా ఉండొచ్చు సార్, నాలుగో సెల్ వాళ్ళందరినీ చెక్ చెయ్యాలన్నాను. యోతాము పక్కన పడుకున్నవాళ్ళతో మొదలుపెట్టాను. సికెలో బూట్లు విప్పి మర్యాదగా స్టూలు మీద కూర్చున్నాడు. ఛాతీకి గొట్టం పెట్టి విన్నాను. గుర్రంలాంటి ఊపిరితిత్తులు. దగ్గు, బరువు తగ్గుదల, రాత్రి చెమటలు అని రాశాను. నేనెప్పుడు దగ్గానమ్మా అని లేచాడు. మకినా అప్పటికే రుమాలు కట్టుకున్నాడు.

రెండో సంతకం వైసన్‌ది. ఈ మనిషి ఒక్కసారీ దగ్గలేదు జియోనే అన్నాడు.

నాకు వినపడింది అన్నాను.

వైసన్ సికెలో వైపు చూశాడు. నాకూ వినపడింది అని సంతకం పెట్టాడు.